‘ల’ మీద ఈగ

తాతయ్యకి,

క్షేమసమాచారాలతో మొదలుపెడితే నువ్వు “బతికున్నావు కాబట్టేగా రాస్తున్నావు” అంటావు. అందుకే నేరుగా విషయానికొస్తున్నాను. నాకు ఉద్యోగం దొరికింది! ఇక్కడున్న హోటళ్ళన్నిటిలోకీ పెద్ద హోటల్. మూడో అంతస్తులో పూల్ గదికి నేనే ఇన్‌ఛార్జిని. మూణ్ణెల్లు నా పని చూస్తారు, నచ్చితే పర్మనెంట్. పేరున్నవాళ్ళు వచ్చే చోటు కదా, ఫొటోలు తీస్తామని మా ఫోన్లు గేటు దగ్గరే లాగేసుకుంటారు. నీకెలాగూ ఫోనులో వినపడదు, ఉత్తరాలే నయం.

వచ్చేవాళ్ళెవరో తెలిస్తే నీ కళ్ళజోడు జారిపోతుంది. సినిమాల్లో జనాన్ని నిలువునా చీల్చేసే విలన్ ఉన్నాడే, ఆయన రోజూ సాయంత్రం వస్తాడు. నువ్వు సినిమాలు చూడవు, నీకు తెలియదులే. పాపం, కర్ర పట్టుకుంటే చాలు చేతులు వణుకుతాయి, రోజూ ఓడిపోతాడు. రెండో ఆయన నీకు బాగా తెలుసు. టీవీలో ఏడు గంటల వార్తలు చదివే ఆయన! పూల్ అంటే పడిచస్తాడు. కర్రతో ఒక్క పోటు పొడిస్తే అన్నీ చెల్లాచెదురే. మూడేళ్ళుగా ఓటమి ఎరగడట.

నీ మనవరాలు

తా.క. విలన్ గారు నన్ను “అమ్మా” అని పిలుస్తారు. భయంతో ఇంతవరకూ పలకలేదు.

*

అమ్మాయికి,

ఉద్యోగం దొరికినందుకు సంతోషం. ఆ సంతోషం సగం ఉత్తరం దాకా నిలిచింది.

పూల గదికి ఇన్‌ఛార్జివి అన్నావు. చల్లని పని, బాగానే ఉంది అనుకున్నాను. తరవాతది చదివి ఉలి కింద పడేశాను. పెద్దమనుషులు సాయంత్రం పూట చేరి కర్రలతో పూలను పొడుస్తారా? ఒక్క పోటుకి చెల్లాచెదురా? పూలేం పాపం చేశాయి? నీ ఉద్యోగం వాళ్ళు పొడిచాక రేకులు ఊడవడమా?

ఆ సినిమావాడి సంగతి నాకక్కర్లేదు. వార్తలాయన అలాంటివాడంటే మాత్రం నమ్మలేకపోతున్నాను. ఈ ప్రపంచంలో నా చెవికి తిన్నగా వినపడే గొంతు ఆయనదొక్కటే. ఆయన తెర మీద “నమస్కారం” అంటే నేను చేతులు కడుక్కుని తిరిగి నమస్కారం పెడతాను. మీ అమ్మమ్మ రోజూ నవ్వుతుంది. నవ్వనీ. మర్యాద మర్యాదే. అలాంటి మనిషి చామంతుల మీద పడ్డాడా? మూడేళ్ళుగా ఓటమి లేదా? పూలు తిరగబడతాయా ఏమిటి ఓడించడానికి?

వెంటనే సంగతి రాయి.

ఇట్లు నీ తాత. (కింద ఉన్నది వేలిముద్ర కాదు, సంతకమే. వార్నీషు అంటింది.)

తా.క. పెద్దవాళ్ళు పిలిస్తే పలకకపోవడం మన ఇంటావంటా లేదు. పలుకు. పలికి నాలుగడుగులు వెనక్కి జరుగు.

*

తాతయ్యా,

పూల కాదు, పూల్! ‘ల’ మీద పొల్లు పెట్టాను, చూడలేదా? అది బల్ల మీద ఆడే ఆట, దాని పేరే పూల్.

ఇప్పుడు నవ్వే ఓపిక కూడా లేదు. మొన్న విలన్ గారు ఒక పోటు పొడవడానికి బల్ల అంచు మీద కాస్త ఆనుకున్నారు. బల్ల కాలు ఫెళ్ళుమని విరిగింది. ఆయన మొహం చూడాలి తాతయ్యా, సినిమాలో ఊరు తగలబెట్టినప్పుడు కూడా అంత బాధపడలేదు. బల్ల చేసిన కంపెనీ వాళ్ళు కొత్త కాలుకి రెండు నెలలు పడుతుందన్నారు. నెలాఖరుకే ఈ పేరున్నవాళ్ళ పోటీ ఉంది. “గది నీది, బల్ల నీది, ఏం చేస్తావో చెయ్యి, లేకపోతే ఇంటికెళ్ళు” అన్నాడు మేనేజరు. “మా తాతయ్య చేస్తాడు” అనేశాను. విరిగిన కాలు బస్సు పార్సిల్‌లో పంపుతున్నాను. అచ్చం అలాంటిదే కావాలి. నా ఉద్యోగం ఇప్పుడు ఆ కాలు మీద నిలబడింది.

నీ మనవరాలు

తా.క. నీ అభిమానం చెప్పి వార్తలాయన చేత రాయించుకున్న చీటీ కూడా పెడుతున్నాను. “పూల్ గది నుంచి పెద్దాయనకి నమస్కారం” అని స్వయంగా రాశారు. చేతులు కడుక్కుని పట్టుకో.

*

అమ్మాయికి,

పొల్లు అంటున్నావు. అది పొల్లా? నేను ‘ల’ మీద ఈగ వాలి చచ్చిందనుకున్నాను. మా మేష్టారు పొల్లు దాకా వచ్చేలోపు నేను బడి మానేశాను. అంతవరకూ చెప్పినవి మాత్రం గట్టిగా వచ్చు.

పూల్ అంటే ఏమిటో నువ్వు సరిగ్గా చెప్పలేదు. అందుకని ఎదురుగా ఉన్న సెలూన్ బావని అడిగాను. వాడికి తెలియంది లేదు కదా. “పూల్ అంటే ఈతకొలను బావా, అందులో జనం బట్టలు విప్పి దిగుతారు” అన్నాడు. నా తల తిరిగింది. నా మనవరాలు ఇన్‌ఛార్జి ఈతకొలనుకా? విలన్ బట్టల్లేకుండా నీళ్ళలోంచి లేచి నిన్ను “అమ్మా” అంటున్నాడా? వార్తలాయన కోటు, టై అంతా గట్టు మీద పెట్టేస్తాడా? నిన్న ఏడు గంటలకి ఆయన్ని టీవీలో చూస్తే కోటు కింద ఏముందోనని బెంగ పట్టుకుంది. వాతావరణం ముక్క వినడం మర్చిపోయాను.

ఎవరెలా దిగినా, నువ్వు మాటిచ్చావు కాబట్టి నేను కాలు చేస్తాను. పాతది అందింది. దాని అడుగున ఎవడో కాగితం మడతలు పెట్టి బంకతో అంటించాడు, గోరు మందం ఉంది. నిఖార్సైన పనివాడు చేసే పని కాదది. పీకి గోడ మేకుకి గుచ్చాను. కర్ర కొలత మాత్రమే తీసుకుని చేస్తున్నాను. నీళ్ళలో నిలబడాల్సిన బల్ల కాబట్టి పడవకి పూసినట్టు దట్టంగా తారు పూస్తాను.

ఇట్లు తాత. (సంతకం ఈసారి శుభ్రంగా ఉంది, చూసుకో.)

తా.క. నువ్వు గట్టు మీదే ఉండు. ఎవడు ములిగినా దూకకు.

*

తాతయ్యా! తారు వద్దు!

నీళ్ళు లేవు! ఎవరూ బట్టలు విప్పరు! మంచం అంత బల్ల, దాని మీద పచ్చ గుడ్డ, చుట్టూ ఆరు గుంటలు. పొడుగాటి కర్రతో తెల్ల బంతిని పొడిస్తే అది వెళ్ళి రంగు బంతుల్ని గుంటల్లోకి తోస్తుంది. అంతే పూల్. సెలూన్ బావగారికి చెప్పు, ఆయన జుట్టు సంగతి చూసుకుంటే చాలు.

గురువారం హోటల్ నుంచి ఒకాయన వచ్చి కాలు తీసుకెళతారు. ఎవరో నేను రాయను, వచ్చాక నీకే తెలుస్తుంది. దయచేసి మర్యాదగా మాట్లాడు.

నీ మనవరాలు

తా.క. ఆయన్ని కూర్చోబెట్టు. కానీ బల్లల మీద వద్దు.

*

అమ్మాయికి,

నీ ఉత్తరం తారు ఆరాక వచ్చింది. గీకాను. కాస్త నలుపు మిగిలింది, దిష్టి తగలదు.

నువ్వు పంపిన మనిషి వచ్చాడు. లారీ డ్రైవరనుకుంటాను. బీరువా అంత మనిషి, మీసాలు రెండు పిల్లుల తోకల్లా ఉన్నాయి. “ఎవరు కావాలి?” అన్నాను. “కాలు కోసం వచ్చానండీ” అన్నాడు. “ఉన్న రెండూ చాలవా?” అన్నాను. నవ్వాడు. వాడు నవ్వగానే ఎదురుగా సెలూన్ బావ కత్తెర వదిలేశాడు, కుర్చీలో ఉన్నవాడు సగం గడ్డంతో వీధి దాటి పారిపోయాడు. మీ అమ్మమ్మ వంటింటి తలుపు గడియ పెట్టుకుంది. మంచినీళ్ళు కిటికీ ఊచల్లోంచి ఇచ్చింది. వీళ్ళందరికీ ఏమైందో నాకు అర్థం కాలేదు.

“నన్ను గుర్తుపట్టలేదాండీ?” అన్నాడు. “నేనెందుకు గుర్తుపడతాను, నీకెప్పుడైనా కుర్చీ చేశానా?” అన్నాను.

ఊరికే కూర్చోవడం ఎందుకని చెక్క పట్టుకుని రంపం ఆడించమన్నాను. ఒక కన్ను మూసి అంచు తిన్నగా ఉందో లేదో చూడమంటే రెండూ మూశాడు! స్కేలుతో మోచేతి మీద ఒకటి వేశాను. “చెయ్యి ఊగాలిరా, మనిషి ఊగకూడదు. గడ్డం చెక్కకి ఆనించు. ఊపిరి వదిలాక చూడు” అని గంటసేపు చేయించాను. చివరికి తిన్నగా చూడటం వచ్చింది. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. “ఇన్నేళ్ళలో నా తప్పు ఎవరూ చెప్పలేదండీ, నన్ను చూసి అందరూ భయపడతారు” అన్నాడు. “నిన్ను చూసి భయమెందుకు, సరిగ్గా చెక్క కూడా పట్టుకోలేవు” అన్నాను.

కాలుతో పాటు ఎత్తుపల్లాలు చూసే నా రసమట్టం కూడా ఇచ్చాను. బల్ల మీద పెట్టి చూడు. గాజులో బుడగ నడిమధ్య నిలబడకపోతే నా పేరు మార్చుకుంటాను.

ఇట్లు తాత

తా.క. కుర్రాడు మంచివాడే. లారీ మాత్రం ఎక్కడ ఆపాడో కనపడలేదు. ఒక నల్ల కారు అడ్డంగా ఉంది, ఎవడిదో తియ్యమని దాని మీద చరిచి వచ్చాను.

*

తాతయ్యా,

కూర్చుని చదువు. ఆయన లారీ డ్రైవరు కాదు. ఆయనే విలన్. కారు కూడా ఆయనదే. కాలు విరగ్గొట్టానన్న బాధతో “నేనే వెళ్ళి తెస్తానమ్మా” అన్నారు. నువ్వు ఆయన్ని స్కేలుతో కొట్టావా? ఇక్కడ అందరికీ మోచెయ్యి చూపించి “గురువుగారు” అంటూ తిరుగుతున్నారు!

అసలు గొడవ అది కాదు. కాలు బిగించాం, రసమట్టం పెట్టాం, బుడగ నడిమధ్యే నిలబడింది. మర్నాడు పోటీలో విలన్ గారు ఊపిరి వదిలి, ఒక కన్ను మూసి, వార్తలాయన్ని వరసగా ఏడు ఆటలు ఓడించారు. వార్తలాయన కర్ర విసిరికొట్టారు. “ఎవడో చదువురానివాడు చేసిన వంకర కాలు వల్ల బల్ల పాడైంది” అన్నారు. రసమట్టం చూపిస్తే “ఇదేం సీసా?” అన్నారు. ఆయన ఏది చెప్పినా వార్తలాగే ఉంటుంది తాతయ్యా, అందరూ నమ్మేస్తారు. మేనేజరు సోమవారం పదింటికి అందరి ముందూ తేలుస్తానన్నాడు. కాలు వంకరని తేలితే ఆ నిమిషమే నేను ఇంటికి.

నీది వంకర కాదని నాకు తెలుసు. కానీ ఆ గొంతు ముందు నా గొంతు ఎవరు వింటారు?

నీ మనవరాలు

తా.క. అమ్మమ్మకి చెప్పు, విలన్ గారు ఆ మంచినీళ్ళు చాలా తియ్యగా ఉన్నాయన్నారు.

*

నా తల్లికి,

ఈ ఉత్తరం తెచ్చేది ఆ విలనే. ఒళ్ళు మళ్ళీ ఊగుతోందని చూపించుకోవడానికి వచ్చాడు. తపాలాలో వేస్తే సోమవారానికి అందదని చేతికిచ్చాను. ఈసారి మీ అమ్మమ్మ తలుపు తీసింది. తీసి, “మీరు నిజంగా అంతమందిని చంపారా?” అని అడిగింది. “అంతా రంగు నీళ్ళేనమ్మా” అన్నాడు. ఇప్పుడు ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటున్నారు.

నా కాలు వంకర అన్నాడా? యాభై ఏళ్ళలో నన్ను తిట్టినవాళ్ళున్నారు గానీ నా పనిని ఎవరూ తిట్టలేదు. కోపంతో నిద్రపట్టక కాదు, నిన్న పొద్దున్నే లేచి మేకుకి గుచ్చిన ఆ మడత కాగితం తీశాను. వంకర నాదో, దానిదో చూద్దామని మడతలు విప్పాను. లోపల అక్షరాలున్నాయి. చదువురానివాడిని కదా, ఆ ఒక్క కాగితం చదవడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. పైన అచ్చులో ఇలా ఉంది: “నమస్కారం. ఏడు గంటల వార్తలు. చదువుతున్నది” — తరవాత ఒక పేరు. ఆ పేరు నా చేత్తో రాయను.

వార్తల కాగితం ఎవడికైనా దొరకవచ్చు అంటాడు. అననీ. అంచున తన గుర్తుకోసం పెన్సిలుతో రాసుకున్న ఇంకో ముక్క ఉంది: “పూల్ బల్ల, కుడి మూల, ఇంకో మడత చాలు.” నువ్వు పంపిన నమస్కారం చీటీ దాని పక్కన పెట్టుకుని చూశాను. రెండింట్లోనూ ‘పూల్’ ఉంది. రెండింట్లోనూ ‘ల’ మీద పొల్లు కొక్కెంలా వంచి, చివర చుక్క పెట్టి ఉంది. అదే ఈగ రెండుచోట్లా వాలింది తల్లీ.

మూడేళ్ళుగా ఆ మూల గోరు మందం ఎత్తు. బంతి ఎటు జారుతుందో ఆయనొక్కడికే తెలుసు. ఇంకో సంగతి. మడత మీద నిలబడ్డ కాలుకి బరువు పక్కకి పడుతుంది. అది అందుకే నిలువునా చీలింది. విలన్ బరువుకి కాదు. ఈ మాట చెబితే ఆ మనిషి అక్కడే కూలబడి ఏడ్చాడు. నా కొత్త స్టూలు మీద. నిలిచింది.

కాగితం, చీటీ రెండూ ఇందులో పెట్టాను. మేనేజరు ముందు నిలబడి గట్టిగా చదువు. గొంతు లేదని భయపడకు. ఇన్నేళ్ళూ ఆయన చదివితే నేను విన్నాను. సోమవారం నువ్వు చదువు, ఆయన్ని వినమను.

ఇట్లు నీ తాత, పని చేసినవాడు.

తా.క. నిన్న ఏడింటికి టీవీ పెట్టాను. ఆయన “నమస్కారం” అన్నాడు. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. మీ అమ్మమ్మ మొదటిసారి నవ్వలేదు.