పెద్ద తెరపై మీ మెసేజ్

రొంపిచెర్ల.

గౌరవనీయులైన హెడ్మాస్టరు గారికి,

తల్లిదండ్రుల సమావేశంలో మీ పరువు తీసినందుకు సంజాయిషీ అడుగుతూ మీరిచ్చిన మెమో అందింది.

నా ఫోన్‌ను కంప్యూటర్‌కు కలిపి, పిల్లల ప్రయోగాల వీడియోలు పెద్ద తెరపై చూపించమన్నది మీరే. అలా కలిపితే ఫోన్‌కు వచ్చే ప్రతి మెసేజ్ తెర మీద కూడా పడుతుందని ముందే మనవి చేశాను. "నాకు తెలవదా ఏందమ్మా?" అన్నారు. మీకు తెలియనిది ఉండదు కదా, ఊరుకున్నాను.

వెనక కుర్చీలో కూర్చుని మీరు పంపిన మెసేజ్ సరిగ్గా వీడియో మధ్యలో వచ్చింది. "ఈ కూలోళ్లకి ఏం అర్థమవుద్ది? తొందరగా ముగించి పంపించెయ్." అంత తేట తెలుగు మన పాఠ్యపుస్తకాల్లో కూడా లేదు.

ఏడో తరగతి సలోమి తల్లి మరియమ్మ ఆ రోజు మిరపకాయల కోత మానుకుని వచ్చింది. ఆమె లేచి, ఆ మెసేజ్‌ను ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివింది.

"చానా బాగా అర్థమయింది సారూ," అంది. "మా సలోమే నాకు చదవటం నేర్పింది."

 మీరు ఫోన్ చెవికి పెట్టుకుని బయటికి నడిచారు. ఆ తర్వాత తల్లిదండ్రులు ఒక్కరూ ఇంటికి కదల్లేదు. వీడియోలన్నీ మొదటి నుంచి వేయించుకుని చూశారు.

మెసేజ్‌ను వెంటనే ఎందుకు తీసేయలేదని అడిగారు. వేలు కదిపితే పోయేదే. ఆమె చదవడం పూర్తయ్యేదాకా నాకు కదపబుద్ధి కాలేదు.

ఇట్లు,
మీ సైన్స్ టీచర్