నూకరాజు వాళ్లయ్య తల

మార్చి 18

నాన్న తలకి ఈ రోజు పంచనామా జరిగింది. శిల్పం క్లాసులో, అందరి ముందూ. సుభద్ర మేడమ్ స్టాండు చుట్టూ రెండుసార్లు తిరిగింది, కళ్లజోడు తుడుచుకుంది. "కొలతలన్నీ సరిపోయాయి. పాస్‌పోర్టు ఆఫీసుకి పంపిద్దామా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను— నవ్వకపోతే ఇంకా అసహ్యంగా ఉంటుంది కదా.

పధ్నాలుగు సార్లు కూర్చోబెట్టాను నాన్నని. స్టీల్ ప్లాంటులో నైట్ షిఫ్టు దిగి, కూర్మన్నపాలెంలో బస్సెక్కి, యూనివర్సిటీ దాకా వచ్చి నా ఎదురుగా స్టూలు మీద కూర్చునేవాడు. పది నిమిషాలకి కునుకు. "ఒరే, నిద్రపోతన్నట్టు సేసీయరా, కళ్లు పెట్టక్కర్నేదు" అన్నాడోసారి. ఆ మాటే వినుంటే పోయేది.

మార్చి 21

నూకరాజు తల.

వాడి బల్ల నా బల్ల పక్కనే, మూడేళ్లుగా. జాలరిపేట నుంచి వస్తాడు. చేపల వాసనొస్తోందని ఫస్టియర్‌లో క్లాసుని నవ్వించింది నేనే. వాడూ నవ్వాడు.

వాళ్లయ్య ఆరేళ్ల కిందట సముద్రం మీద వేటకెళ్లి తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. ఉన్న ఫొటో ఒక్కటే, ఆధార్ కార్డులోది. "అది మా అయ్య కాదు బావ, ఎవడో దొంగ" అంటాడు. అందుకని ఏమీ చూడకుండా చేస్తున్నాడు. కళ్లు మూసుకుంటాడు, బొటనవేలితో మట్టి నొక్కుతాడు, మళ్లీ మూసుకుంటాడు. ఈ రోజు కింది పెదవి కుదిరింది. ఏదో తిట్టబోయి ఆగినట్టుంది ఆ పెదవి. మేడమ్ వచ్చి చూసింది. మూడేళ్లలో ఆవిడ నోరు మూసుకోవడం ఇదే మొదలు.

మార్చి 22

నాన్న ముక్కు మూడుసార్లు కోసి మళ్లీ పెట్టాను. అదే ముక్కు.

ఏప్రిల్ 4

నోటీసు పెట్టారు. క్లాసు మొత్తం మీద ఒక్క తలకే కంచు పోత. మిగిలినవన్నీ మార్కులు పడగానే మట్టి తొట్టిలోకి— ఎవరిది వాళ్లే గుద్ది పడెయ్యాలి, అదీ ఇక్కడి ఆచారం. చూసేవాళ్లు చప్పట్లు కొడతారు. పోయినేడు సీనియర్లకి నేను కొట్టాను, గట్టిగా.

పదహారున ఎంపిక. ఎవరిదో అందరికీ తెలుసు. క్యాంటీన్‌లో కూడా తెలుసు.

సాయంత్రం అమ్మ ఫోన్. నాన్న షిఫ్టులో అందరికీ చెప్పేశాడట— "మావోడు నా బొమ్మ కంచుతో పోత్తన్నాడు" అని. ఎవడు చెప్పమన్నాడు ఈయన్ని?

ఏప్రిల్ 6

నూకరాజు అయిదు రోజులు ఉండడు. పదిహేను నుంచి వేట నిషేధం, రెండు నెలలు బోట్లన్నీ కట్టేస్తారు. ఈలోగా వాళ్ల మావయ్య బోటులో ఒక మనిషి తక్కువయ్యాడు. వాళ్లమ్మ వద్దని ఏడ్చిందట. అయినా వెళ్తున్నాడు.

స్ప్రే సీసా, స్టూడియోలో మా రెండు బల్లలూ ఉండే చివరి గది తాళం నా చేతిలో పెట్టాడు. "బావా, రోజుకి రెండుసార్లు గుడ్డ తడిపి, పైన కవరు కట్టీ. ఈ ఎండలకి ఒక్కరోజాగితే సెంప ఇడిసీత్తాది." లోపల ఇనుప కడ్డీ ఉంటుంది. ఆరితే మట్టి కుంచించుకుపోతుంది, కడ్డీ కుంచించుకోదు, ఇక మట్టే చీలాలి. ఇది నాకు చెప్పాలా.

"ఎల్రా బాబూ, నాను సూసుకుంటాను" అన్నాను.

ఏప్రిల్ 7

తడిపాను. రెండుసార్లు.

ఏప్రిల్ 8

ద్వారకా నగర్‌లో పని. ప్లాస్టర్ కొనాలి, చెప్పు కుట్టించాలి. మూడింటికల్లా అయిపోయింది. బస్సెక్కితే అరగంట. ఎక్కలేదు. పుచ్చకాయ రసం తాగాను, రెండు గ్లాసులు... మర్చిపోయానని రాద్దామనుకున్నాను ఇక్కడ. మర్చిపోలేదు.

ఏప్రిల్ 9

వెళ్లాను. కవరు విప్పాను. గుడ్డ అప్పడంలా ఉంది. కణత మీద వెంట్రుకంత గీత. అప్పటికైనా నీళ్లు కొడితే కలిసిపోయేది. సీసా నిండుగా ఉంది, నా చేతిలోనే ఉంది.

స్టూలు లాక్కుని ఆ మొహాన్ని చాలాసేపు చూశాను. ఎంత బాగుందో. పోయి ఆరేళ్లయిన మనిషి నన్ను తిట్టబోతున్నాడు. నాన్న బతికుండి, ఊపిరి పీలుస్తూ ఎదురుగా కూర్చుంటే నాకు ముక్కూ చెవులూ మాత్రమే వచ్చాయి. నూకరాజంటే ఒళ్లు మండిపోయింది. కవరు మళ్లీ కట్టలేదు. నాన్న తలకి మాత్రం తడిగుడ్డ చుట్టి రెండు కవర్లు కట్టాను. వెళ్తూ వెళ్తూ ఫ్యాను వేశాను.

ఫ్యాను వేశాను. రాసుకోనీ.

ఏప్రిల్ 10

క్లాసు వాళ్లతో రుషికొండ. తెగ నవ్వాను. "ఏటి బావా, ఇయేళ ఇంత ఉషారు?" అని అడిగారు కూడా.

ఏప్రిల్ 11

పొద్దున్నే వెళ్లి ఫ్యాను ఆపాను. నా బల్ల దగ్గర కూర్చుని నాన్న చెవికి మెరుగులు దిద్దుతున్నాను— నూకరాజు వచ్చాడు. రేవు నుంచి తిన్నగా ఇక్కడికే, మొహం ఎండకి పేలిపోయి.

ఎడమ చెంప నేల మీద ఉంది. దవడ చీలి లోపలి కడ్డీ కనిపిస్తోంది. అరుస్తాడనుకున్నాను. గొంతుక్కూర్చుని ముక్కలు ఏరాడు.

"నాను రోజూ తడిపేను బావ" అన్నాను.

"మట్టి నానే సరిగ్గా పిసకనేదేమో... నువ్వేటి సేత్తావ్, నువ్వు మాత్తరం."

మేడమ్ వచ్చింది. గుడ్డని రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది. తర్వాత నన్ను చూసింది. చేతిరుమాలుతో వేళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది.

ఏప్రిల్ 12

బోటులో వాడి ఫోను నీళ్లపాలైంది. "బావా, నీ ఫోన్లో ఆ తల ఫొటో ఏదైనా ఉందేటి? పక్క నుంచైనా పర్నేదు. నాలుగు రోజులుంది కదా, సూసి మళ్లీ సేసీగల్ను."

ఉన్నాయి. పదకొండు. నాలుగు వైపుల నుంచీ, పైనుంచి కూడా. వాడు లేనప్పుడు తీసుకున్నాను, ఆ పెదవి ఎలా పెట్టాడో చూసి నేర్చుకుందామని.

"నేదు బావ" అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో.

మిగతా వాళ్లనీ అడిగాడు. ఎవరి ఫోన్లో వాళ్ల తలలే.

ఏప్రిల్ 14

పొద్దుట్నుంచి మట్టిముద్ద ముందు కూర్చున్నాడు. కళ్లు మూస్తాడు, తెరుస్తాడు. ముట్టుకోడు.

ఏప్రిల్ 16

నాదే.

"బాగుందని కాదు. పగలకుండా నిలబడింది కనక" అంది మేడమ్, అందరికీ వినపడేలా. తర్వాత నన్నొక్కణ్ణీ పిలిచింది. "ఎవరు తడిపారో ఎవరు తడపలేదో నాకు గుడ్డ ముట్టుకుంటే తెలుస్తుంది. పోత పొయ్యడానికి నాకో తల కావాలి. అంతే. వెళ్లు." తెలిసీ ఇచ్చింది. చెంప మీద కొట్టుంటే బాగుండేది.

మధ్యాహ్నం తలలు గుద్దే కార్యక్రమం. నూకరాజు వంతు వచ్చేసరికి గుద్దడానికేమీ లేదు. ముద్ద ఎత్తి తొట్టిలో వేశాడు. చప్పట్లు మాత్రం కొట్టారు. నేను కొట్టలేదు. పెద్ద మంచివాణ్ణి మరి.

నాన్నకి ఫోన్ చేశాను. వినగానే ఫోను అమ్మకిచ్చేశాడు.

ఏప్రిల్ 18

అచ్చు తియ్యడంలో క్లాసు మొత్తానికీ వాడి చెయ్యే చెయ్యి. మేడమ్ వాణ్ణే వేసింది నాకు సాయం. కావాలనే వేసింది.

నాన్న మొహానికి ప్లాస్టర్ పూశాడు, పసిపిల్లకి నలుగు పెట్టినట్టు. ఎక్కడా గాలిబుడగ లేదు. "మీ అయ్య సెవులు బావున్నాయి బావ" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ప్లాస్టర్ దుమ్మని చెప్పాను.

ఏప్రిల్ 19

టీ దగ్గర అడిగాను— అడక్కుండా ఉండాల్సింది— వాళ్లయ్య తల మళ్లీ ఎప్పుడు మొదలెడతావని.

"మరి సెయ్యను బావ." టీ చల్లారబెట్టుకుంటూ చెప్పాడు, మామూలుగానే. "అది సెయ్యకముందు కళ్లు మూత్తే మా అయ్య వొచ్చీవోడు. ఇప్పుడు మూత్తే ఆ సెంప ఊడిన మొహవే వత్తంది. అసలు మొహం ఏదో నాకు తెల్దింక. అమ్మకైతే సెప్పనేదు. తీసుకెల్లి సూపిత్తానన్నాను దానికి."

నా గ్లాసు కూడా తీసుకెళ్లి వాడే ఇచ్చొచ్చాడు.

ఏప్రిల్ 20

పదకొండూ ఉన్నాయి. పంపితే వాడికి వాళ్లయ్య దొరుకుతాడు. వాళ్లమ్మకీ దొరుకుతాడు. ఒక్క నిమిషం పని. కానీ ఆ రోజు లేవన్నవాణ్ణి, ఇప్పుడు ఏమని పంపాలి? ఎక్కడో పాతవి కనపడ్డాయననా? నమ్ముతాడు. నమ్మేస్తాడు వెధవ, "థాంక్స్ బావ" అంటాడు— అదే నా వల్ల కాదు.

మూడుసార్లు ఎంచుకున్నాను. మూడుసార్లూ వాడి పేరు దాకా వెళ్లి ఆగిపోయాను...

రేపు అచ్చులోకి మైనం పోత, కంచు దాని తర్వాత. చూడ్డానికి నాన్న సెలవు పెట్టి వస్తున్నాడు, కొత్త చొక్కా కొన్నాడట. నూకరాజు ఆరింటికే వచ్చి అన్నీ సిద్ధం చేస్తానన్నాడు. నన్ను నిదానంగా రమ్మన్నాడు.