కెజియా సాక్ష్యం

ఆళ్లగడ్డ,
బుధవారం.

పాస్టరయ్యగారికి వందనాలు.

నంద్యాల సభలో మా కెజియా మీ పరువు తీసిందని కబురు పంపారు. నిజమే. "నా ప్రార్థనతో ఈ బిడ్డ ఆటిజం పోయింది" అని వెయ్యిమంది ముందు చెప్పి, మైకు దాని చేతికిచ్చింది మీరే. "ఏమీ పోలేదయ్యగారూ. నేను పుట్టిందే ఇట్లా. ఆ పొద్దు ప్రార్థనప్పుడు మీరు నెత్తి మీద చెయ్యి పెట్టి నొక్కితే నొచ్చింది. అందుకే గమ్మునున్నా" అనేసింది.

ఇప్పుడు నందికొట్కూరు సభలోనైనా "బాగైనాను" అని ఒక్క మాట చెప్పించమంటున్నారు. మూడు రోజులుగా నేర్పుతున్నాను. కీర్తనలన్నీ వరసగా అప్పజెప్పే ఇరవై రెండేళ్ల పిల్లకు ఆ ఒక్క మాటకు నోరు తిరగడం లేదు. "అబద్ధ సాక్ష్యం చెప్పగూడదని ఆజ్ఞ ఉంది గదమ్మా. సభల్లో చెప్పొచ్చని యాడ రాసినారు?" అని అడుగుతోంది. నాకు దొరకలేదు. మీరేమైనా చూశారా?

అబద్ధం మీకూ నాకూ ఎవరూ నేర్పకుండానే వచ్చింది. దానికి నేర్పినా రావడం లేదు. ఇందులో జబ్బు ఎవరిదో నాకిప్పుడే అర్థమవుతోంది.

మేము నందికొట్కూరు రావడం లేదు. స్వస్థత ప్రార్థన మాత్రం మానకండి. ఆ చెయ్యి ఈసారి మీ నెత్తి మీదే పెట్టుకోండి.

ఇట్లు,
కెజియా తల్లి