నేను చదివించిన పేరు

అక్టోబర్ 24

ఉదయం జపమాల అయ్యాక కంప్యూటర్ ముందు కూర్చున్నాను. డోలన్ వంశవృక్షం ఒక కొలిక్కి వచ్చింది. రెండేళ్ళ పని. బెజవాడ రైల్వేలో గార్డుగా చేసి అక్కడే కన్నుమూసిన మా ముత్తాత మైకేల్ డోలన్‌కి ఐర్లండులో ఇంతమంది ఉన్నారని తెలియకుండానే అమ్మ వెళ్ళిపోయింది.

టామ్ గారు లేకపోతే ఏదీ దొరికేది కాదు. ఆయన తాతా, మా ముత్తాతా సొంత అన్నదమ్ములు. ఆన్‌లైన్‌లో దొరకని గుడి రిజిస్టర్లు ఆయనే వెళ్ళి చూసి, ఓపిగ్గా టైపు చేసి పంపారు. డెబ్బై ఆరేళ్ళ మనిషి.

అక్టోబర్ 27

టామ్ గారి మెయిల్. ఈసారి పాత సంగతి కాదు. సొంత అక్క నోరా గారిది.

ఆవిడకి పందొమ్మిదేళ్ళప్పుడు, పెళ్ళి కాకుండా, ఒక బిడ్డ. పేరు మార్టిన్. రెండు రోజులు బతికాడు. జ్ఞానస్నానం అవలేదని గుడి సమాధుల్లో చోటివ్వలేదట. పొలం గట్టున పెట్టారట. తరవాత ఆవిడకి పెళ్ళి, నలుగురు పిల్లలు. వాళ్ళకి ఈ సంగతి తెలియదు. నోరా గారూ ఇన్నేళ్ళలో ఒక్కసారి నోరు విప్పలేదు.

“ఇది నీ ఒక్కదానికే చెబుతున్నాను. ఎవరికీ వద్దు.”

రెండు రోజులు... 

అక్టోబర్ 28

బిడ్డని వదిలేసి వంశం పూర్తయిందని ఎలా అనుకోను? మార్టిన్‌నీ వంశవృక్షంలో ఎక్కించాను. నాకు తప్ప ఎవరికీ కనబడకుండా పెట్టాను.

అక్టోబర్ 30

చనిపోయినవాళ్ళ కోసం జరిపే ఆత్మల పండుగ దగ్గరికొచ్చింది. చిన్నప్పుడు మా విచారణ గుడిలో జపాలు చెప్పించే ఉపదేశి గారు చనిపోయినవాళ్ళ పేర్లు చదివేవారు — ఫలానా వారి కుమారుడు, ఫలానా వారి కుమార్తె. నాన్న పేరు వచ్చినప్పుడు అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకునేది. పేరు వినబడితేనే ఆ ఆత్మకి ఊరట అని మా ఇంట్లో నమ్మకం.

టామ్ గారి ఊరి గుడికి వెబ్‌సైట్ ఉంది. అందులో ఒక ఫారం. మా వంశంలో పోయినవాళ్ళ జాబితా మొత్తం పంపాను, తల్లిదండ్రుల పేర్లతో సహా. అడుగున రాశాను — దయచేసి బయటికి చదవండి.

చివరి పేరు దగ్గర ఒక్క క్షణం ఆగాను. అబద్ధమెందుకు, ఆగాను. దేవుడికి చెప్పడం ఎవరికీ చెప్పడం కాదు అనుకున్నాను.

నవంబర్ 2

మధ్యాహ్నం నేను పనిచేసే క్లినిక్ పార్కింగ్‌లో, కార్లో కూర్చుని, ఫోన్‌లో ఆ గుడి పూజ చూశాను. ఐర్లండులో అప్పుడు సాయంత్రం. కెమెరా వెనక ఎక్కడో పైనుంది. అందరి వీపులే కనబడతాయి. ఫాదర్ గారు ఆఫ్రికా నుంచి కొత్తగా వచ్చారట, ఊళ్ళో ఎవరెవరో ఇంకా తెలియదు. ఒక్కొక్క పేరూ నిదానంగా చదివారు.

“మైకేల్ డోలన్, ఇండియాలో మరణించినవాడు.” ఏడుపు ఆగలేదు.

అన్నిటికన్నా చివర — “మార్టిన్, నోరా డోలన్ గారి పసిబిడ్డ.”

మూడో వరసలో తెల్లజుట్టు ఆవిడ కదలలేదు. పక్కనున్న ఆమె తల తిప్పి ఆవిడ వైపు చూసింది. ఎవరో ఏమో.

తేలికపడ్డ మనసుతో లోపలికెళ్ళి పని చేసుకున్నాను.

నవంబర్ 3

టామ్ గారు. రెండే వాక్యాలు. “పంపింది నువ్వేనా? నోరా నాకు తలుపు తీయడం లేదు.”

నవంబర్ 4

వీడియో మళ్ళీ చూశాను. మూడో వరస. టామ్ గారు చెప్పారు — తెల్లజుట్టు ఆవిడే నోరా గారు, తల తిప్పినామె ఆవిడ కూతురు.

క్షమించమని టామ్ గారికి రాశాను. ఆయన జవాబు — “నేనే పంపానని తలుపు ఇవతల నుంచే అక్కకి ఒప్పుకున్నాను. నీ ఊసు ఎత్తలేదు. ఆవిడకి నువ్వేమీ రాయకు. కదిలిస్తే ఇంకా పెద్దదవుతుంది.”

నా తప్పు ఆయన మోస్తున్నారు. అక్కాతమ్ముళ్ళవి పక్క పక్క ఇళ్ళు. రోజూ టీ అక్కడేనని ఎన్నిసార్లు రాశారో.

నవంబర్ 6

నేను అడిగిన రోజే గుడివాళ్ళు వీడియో తీసేశారు. అప్పటికే ఆలస్యం. బోస్టన్‌లో ఒక డోలన్ ఆ పూజ చూసి తన వంశవృక్షంలో మార్టిన్‌ని ఎక్కించేశాడు. తల్లి పేరుతో, అందరికీ కనబడేలా.

తీసెయ్యమని రాశాను. “గుళ్ళో మైకులో చదివారు కదా, ఇంక దాచేదేముంది?” అన్నాడు. పక్కన నవ్వు బొమ్మ.

నవంబర్ 9

ఆష్‌బర్న్ నుంచి చెల్లి రోజీ ఫోన్. అంతా చెప్పాను.

“అక్కా, ఇక్కడ మేం చాలక ఐర్లండు వాళ్ళకి కూడా పెద్దక్కవయ్యావా?”

నవ్వాను. తను నవ్వలేదు.

“నాకు అబార్షన్ అయినప్పుడు ఏం చేశావో గుర్తుందా? మీ ప్రేయర్ గ్రూప్‌లో పెట్టావు. రోజీ కోసం ప్రార్థించండి అని.”

“నీ మంచికే కదే...”

“ఆ ఆదివారం పొట్‌లక్ భోజనాల్లో ప్రతి ఆంటీ వచ్చి నన్ను వాటేసుకుంది. నేను అప్పటికి మా అత్తగారికే చెప్పలేదు. నువ్వు ప్రార్థన అంటే నాకు భయం అక్కా.”

పన్నెండేళ్ళయింది. ఒక్కసారి కూడా అనలేదు. నేనూ అడగలేదు.

నవంబర్ 10

పని. వంట. రోజీకి సారీ అని మెసేజ్ పెట్టాను. చూసింది.

నవంబర్ 12

మా గుళ్ళో పాపసంకీర్తనం చేశాను, అంతా ఒప్పుకున్నాను. “దురుద్దేశం లేదు కదమ్మా” అన్నారు ఫాదర్ గారు. పరిహారంగా మూడు జపమాలలు. ప్రార్థనతో చేసిన తప్పుకి మళ్ళీ ప్రార్థనే. బయటికొచ్చి కార్లో కూర్చున్నాను. ఒక్కటీ మొదలుపెట్టలేకపోయాను.

నవంబర్ 15

నోరా గారికి ఉత్తరం. టామ్ గారు వద్దన్నారు. అయినా... చేత్తో రాశాను. మూడుసార్లు చించి నాలుగోసారి.

“ఆ పేరు పంపింది నేను. టామ్ గారు కాదు. ఎవరికీ చెప్పవద్దని ఆయన అడిగారు, నేను మాట తప్పాను.” కింద నా పేరు, ఊరు, ఫోన్ నంబర్. ప్రార్థన అన్న మాట ఎక్కడా రానివ్వలేదు. దేవుణ్ణి అడ్డం పెట్టుకోవడం చాలు.

నవంబర్ 21

ఏమీ లేదు.

నవంబర్ 26

పూజ నుంచి వచ్చేసరికి వాయిస్ మెసేజ్. ముసలి గొంతు, గట్టిగా ఉంది.

“నోరాని. ఉత్తరం అందింది. వాడి పేరు మార్టిన్ కాదు.”

అంతే.

టామ్ గారి పాత మెయిల్ తీశాను. “మార్టిన్ అనుకుంటా. నాకప్పుడు పదకొండేళ్ళు.” ‘అనుకుంటా’ ఆయన రాశారు. ఆ మాట తీసేసి ఎక్కించింది నేను. ఎవరికీ చెప్పవద్దన్నది చెప్పాను. అదీ తప్పు చెప్పాను. ఆవిడ అరవై అయిదేళ్ళు దాచుకున్న బిడ్డని వేరే పేరుతో ఊరందరి ముందూ పిలిపించాను.

నవంబర్ 27

బోస్టన్ ఆయనకి రాయలేదు. పేరు తప్పంటే అసలుది అడుగుతాడు.

ఉదయం పనికి వెళ్ళేముందు ఆవిడకి ఫోన్ చేశాను. ఎత్తారు. 

“పేరు నేను అడగనండీ” అన్నాను. 

అటు కుర్చీ జరిగిన చప్పుడు. కూర్చున్నట్టున్నారు. “నీకు పిల్లలా?” అన్నారు. ఇద్దరన్నాను. “బతికేనా?” అన్నారు. అవునన్నాను. “మా అమ్మాయి మూడు వారాలుగా వంటింట్లో నా ఎదురుగా కూర్చుని ఏడుస్తోంది, ఏమీ అడగదు, లేచి వెళ్ళదు” అన్నారు. ఆవిడ గొంతులో కోపమో కాదో తెలియలేదు.

క్షమించమన్నాను. 

“ఆదివారం చెయ్యి” అన్నారు చివరికి. “టామ్ మాట మాత్రం ఎత్తకు.”

పెట్టేశారు.

టామ్ గారి మెయిల్ వచ్చి ఉంది. ఉత్తరం సంగతి ఆయనకి ఇంకా తెలియదు. “అక్క ఇంకా తలుపు తీయలేదు. ఎప్పటికైనా తీస్తుందంటావా?” అని అడిగారు...