ఫీజు కాగితాలు, షాహీన్ ఫొటో

మంగళవారం రాత్రి, మాదన్నపేట

మా ఆఫీసుకు పని ఇచ్చే చాటింగ్ యాప్ కంపెనీ, ఒక విదేశంలో ఆన్‌లైన్ వేధింపులను అరికట్టే నియంత్రణ సంస్థకు ఏటా ఫీజు కట్టాలి. ఆ సంస్థ నడిచేదే ఇలాంటి కంపెనీల డబ్బుతో. ఆ ఫీజు కాగితాలు తయారుచేసే పని నాది; ఇవాళ దాదాపు పూర్తిచేసి, సంతోషంగా ఇంటికొచ్చాను.

మెట్ల మీద పక్కింటి షాహీన్ ఏడుస్తూ కూర్చుంది. ఎవడో అదే యాప్‌లో ఆమె ఫొటోతో దొంగ ఖాతా తెరిచి, ఆమె దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్లకు పాడు మెసేజ్‌లు పెడుతున్నాడట.

"మూడుసార్లు రిపోర్ట్ కొట్టిన అక్కా, ఎవ్వరూ చూస్తలేరు. ఇట్లాంటివి ఆపేటందుకే ఆ కంపెనీ ఫీజు కడ్తదని మొన్న నువ్వే చెప్పినవ్ గదా?"

"అది ఆ దేశపోళ్ల కోసం, షాహీన్."

"మరి మన కోసం ఎవరు కడ్తరు?"

రేపు సైబర్ పోలీసుల దగ్గరికి పోదామన్నాను.

"అబ్బాకు తెలిస్తే కుట్టుడే బంద్ చేయిస్తడు."

వాళ్ల నాన్నంటే ఆమెకు భయం. నేనూ వెంట వస్తానంటే చివరికి ఒప్పుకుంది.

కానీ ఆ కాగితాలు పంపాల్సింది రేపే. సెలవు కావాలని మేనేజర్‌కు మెసేజ్ టైప్ చేసి, చెరిపి, మళ్లీ టైప్ చేసి పంపేశాను. చదివాడు. ఇంకా జవాబు రాలేదు. ఏమన్నా సరే, పొద్దున్నే షాహీన్ తలుపు కొడతాను.