అరవై నాలుగు ప్రాసెసర్లు, పందొమ్మిది రెట్లు

మార్చి 3

డైరెక్టర్ గారికి నా మీద కోపం. చెస్ ఆడే మా ప్రోగ్రామ్‌ని అరవై నాలుగు ప్రాసెసర్ల మీద నడిపితే వేగం అరవై నాలుగు రెట్లు కావాలట. నాకొచ్చింది పందొమ్మిది. మిగతాది ఏం చేశావని అడిగారు, నేనేదో ఇంటికి పట్టుకుపోయినట్టు.

మార్చి 4, మధ్యాహ్నం

మళ్ళీ చెప్పాను. ఒక ఎత్తుకు ఎదుటివాడి దగ్గర గట్టి జవాబుందని తెలిస్తే ఇక దాని జోలికి పోనక్కర్లేదు. ప్రోగ్రామ్ వేగమంతా అలా వదిలేయడంలోనే ఉంది. ఒక్క ప్రాసెసరైతే ముందు తెలుసుకుంటుంది, తర్వాత వదిలేస్తుంది. అరవై నాలుగూ ఒకేసారి బయల్దేరితే, ఆ కబురు అందేలోపు చాలా భాగం వదిలేయాల్సిన ఎత్తుల్నే తవ్వుతుంటాయి. ఒళ్ళు వంచి చేసే పనికిరాని పని.

ఆయన స్క్రీన్ చూపించారు. మీటర్లన్నీ వంద శాతం. అన్నీ పనిచేస్తుంటే వేగం ఎలా తగ్గుతుందన్నారు.

మార్చి 9

ఒళ్ళు మండిపోతోంది. శుక్రవారం డెమోకి మా టీమ్‌లో సీనియర్ ఒకాయన స్లయిడ్లు చేశాడు. గ్రాఫ్‌లో గీత నిటారుగా పైకి: అరవై ఒకటి. ప్రోగ్రామ్ సెకనుకి ఎన్ని బోర్డు పొజిషన్లు చూసిందో లెక్కగట్టి దాన్నే వేగం అనేశాడు. వృథాగా చూసినవీ కలిపి! కింద నా పేరు. తీసెయ్యమంటే, పైనుంచి చెప్పారు, నన్నెందుకు ఇరికిస్తావని గొణిగాడు.

మార్చి 9, సాయంత్రం

అక్కకి ఫోన్ చేసి కడుపులో ఉన్నదంతా కక్కాను. ఓపిగ్గా వింది. నాతో కాదే, మీ డైరెక్టర్‌తో అను అంది.

మార్చి 10

అనలేదు. ఆయన ఊళ్ళో లేరు.

మార్చి 13

డెమో. ప్రోగ్రామ్ కొనడానికొచ్చిన ఆవిడ గ్రాఫ్ చూసి, ఒక్క ప్రాసెసర్‌కి పది నిమిషాలు పట్టిన ఎత్తు దీనితో ఆడించి చూపమంది. గీత నిజమైతే పది సెకన్లు చాలు. పది దాటాయి. ఇరవై. ఎవరో దగ్గారు. ముప్పై దాటాక ఎత్తు వేసింది.

నెట్‌వర్క్ నెమ్మదిగా ఉందన్నారు డైరెక్టర్. నేను లేచాను.

“నెట్‌వర్క్ తప్పేం లేదండీ. ఇది పందొమ్మిది రెట్లే. ఆ గీత నాది కాదు. పేరే నాది.”

ఆవిడ ఎందుకు పందొమ్మిదే అని అడిగింది. చెప్పాను. చివరిదాకా వింది.

మార్చి 16

ప్రాజెక్ట్ నుంచి నన్ను తప్పిస్తూ మెయిల్. టీమ్ స్పిరిట్ లేదట. ఎనిమిది రెట్ల దగ్గర చతికిలబడ్డదాన్ని పందొమ్మిదికి లాక్కొచ్చింది నేను. ఆ సంగతి ఎవరికీ అక్కర్లేదు.

మార్చి 24

ప్రాసెసర్లు రెట్టింపు చేశారట. అయినా వేగం ఇరవై నాలుగు రెట్లు దాటలేదట. ఇవాళ డైరెక్టర్ గారే నా గదికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

“ఎందుకు పెరగదో మళ్ళీ చెప్పమ్మా.”

చెప్పాను. మధ్యలో గొంతు పెద్దదైంది. తగ్గించుకోలేదు.