నరం దొరకలేదు

అక్టోబర్ 9

ఇవాళ చొక్కా గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. కుడిచేతి బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు, మూడూ నావి కానట్టున్నాయి. విదిలిస్తే కాసేపటికి వచ్చాయి. చెయ్యి తలకింద పెట్టుకొని పడుకున్నానేమో.

అక్టోబర్ 12

తలకింద పెట్టుకోలేదు. అయినా అంతే.

అక్టోబర్ 15

లింగాల ఘనపూర్ రూట్. బండి మీద అరగంట దాటితే చాలు, ఎక్సలేటర్ పట్టుకున్న చెయ్యి ముందు జివ్వుమంటుంది, తర్వాత మొద్దుబారుతుంది. బండి పక్కకు ఆపి నిలబడి చెయ్యి విదిలిస్తుంటే, పిలుస్తున్నాననుకొని ఒక ఆటో ఆగింది. ఎటు పోవాలె అన్నా అన్నాడు డ్రైవర్. ఎటూ లేదన్నాను. తిట్టుకుంటూ పోయాడు.

నా పని ఇళ్ళకు వెళ్ళి పరీక్షలకు రక్తం తీసి జనగామ ల్యాబ్‌కు తేవడం. చేతికి రబ్బరు పట్టీ కట్టి, మోచేతి మడతలో చూపుడు వేలితో నొక్కి చూస్తాను. కంటికి కనబడకపోయినా ఫర్వాలేదు, వేలికి తగిలితే చాలు. ట్రైనింగ్‌లో ఆ రక్తనాళాన్ని వెయిన్ అన్నారు. ఈ ఊళ్ళల్లో రక్తనాళమైనా, స్పర్శ తెలిపేదైనా అన్నీ నరాలే. వెంకట్రాం తీస్తే తెలియనే తెలియదని జనం చెప్పుకుంటారు. నాకున్న గొప్ప అదొక్కటే. ఇప్పుడు ఆ వేలికే ఏమీ తెలియడం లేదు.

అక్టోబర్ 21

పాలకుర్తి, చిలుకమ్మవ్వ ఇల్లు. అవ్వకు షుగర్, కిడ్నీ రెండూ. నెలకోసారి రక్తం తీయాలి. ఎండిన మునక్కాడ లాంటి చెయ్యి. ఎప్పుడో ఒక దవాఖానలో నాలుగు చోట్ల గుచ్చారట, అప్పటినుంచి నేను తప్ప ఎవరొచ్చినా చెయ్యి కొంగులో దాచుకుంటుంది. నీ చెయ్యి తెల్వనే తెల్వది బిడ్డా అంటుంది నాతో.

రక్తం తీశాక చాయ్ తాగకుండా పోనివ్వదు. కోడలు విజయ చాయ్ పెడుతుంది, అవ్వ ఎదురుగా కూర్చొని నేను తాగేదాకా చూస్తుంది. పొద్దున తిన్నవా, ఏం వండుకున్నవ్, బట్టలెవరు పిండుతరు, అన్నీ అడుగుతుంది. నెల మొత్తంలో నన్ను ఈ మాటలు అడిగే మనిషి ఈమె ఒక్కతే. రాసుకుంటే సిగ్గుగా ఉంది, కానీ నిజం. నాకు చాలాకాలం పెళ్ళి కుదరలేదు, కుదిరిన ఒక్కటీ ఏడాది నిలవలేదు.

ఇవాళ మొదటిసారి తప్పింది. రెండోసారికి దొరికింది. అయినా చాయ్ మామూలుగానే వచ్చింది. నేనే సగం వదిలేశాను.

నవంబర్ 3

మహబూబాబాద్‌లో క్యాంపు. తొర్రూరు దాటేసరికి చెయ్యి లేదు. బ్రేకు పట్టుకున్నానో లేదో కంటితో చూసుకోవాల్సి వచ్చింది.

తిరుగు ప్రయాణం ఇంకా ఘోరం. వెనక ఐస్ బాక్సులో ట్యూబులుంటే నేను హ్యాండిల్‌ను పిడికిలి బిగించి పట్టుకుంటాను. కుదుపులకు రక్తం పాడైతే మళ్ళీ గుచ్చాలి, మళ్ళీ ఆ మనిషికి నొప్పి. అందుకని రోడ్డు మీది గతుకులన్నీ నా చేతులే మోస్తాయి.

క్యాంపు అయ్యాక, బయలుదేరే ముందు కురవి దాకా పోయొచ్చాను. వీరభద్రస్వామికి కొబ్బరికాయ కొట్టబోతే చేతిలోంచి జారి, కొట్టకముందే పగిలింది. మంచిదే అన్నా, స్వామికే తొందరైంది అన్నది కొబ్బరికాయల దుకాణం ఆమె. నవ్వాను. నవ్వుతూ చేతిని జేబులో పెట్టుకున్నాను.

నవంబర్ 5

డాక్టర్ దగ్గరికి పోయాను. మణికట్టు మీద వేలితో తట్టాడు, కరెంటు పాకింది. నరం నలుగుతోంది అన్నాడు. ఇన్నేళ్ళుగా అందరి నరాలూ వెతుకుతున్నాను, నాకూ ఒకటి ఉందన్న సంగతే గుర్తు లేదు.

బండి మీద మణికట్టు వంచొద్దట. హ్యాండిల్ గట్టిగా పట్టుకోవద్దట. అరగంటకోసారి ఆగాలి, పడుకునేటప్పుడు మణికట్టుకు పట్టీ వేసుకోవాలి. అసలు కొన్నాళ్ళు బండి మానేస్తే మంచిదట, లేకపోతే స్పర్శ పూర్తిగా పోవచ్చు, ఆపరేషన్ చేసినా వస్తుందో రాదో అన్నాడు. బండి మానేస్తే ఏం పని చేస్తావని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

నవంబర్ 6

మేనేజర్ శ్రీనివాస్ సార్‌కు ఫోన్ చేశాను. దూరం క్యాంపులు వద్దని అడగాలి. తీరా ఆయన ఎత్తాక ఆ మాట వదిలేశాను. నరం ప్రాబ్లం ఉంది సార్ అన్నాను. పాలకుర్తి ముసలమ్మ గదా, మొన్న రెండుసార్లు గుచ్చినవట, నాకు సమజైంది, నేను చూస్త తియ్ అని పెట్టేశాడు.

ఆయనకు ఏం సమజైందో నాకు కాలేదు.

నవంబర్ 8

ఇప్పుడైంది. ల్యాబ్ నుంచి పార్సిల్ వచ్చింది. డబ్బా నిండా చంటిపిల్లలకు వాడే సన్న సూదులు. నరం ప్రాబ్లం పేషెంట్లకు వాడమని మెసేజ్ కూడా పెట్టాడు. నవ్వి నవ్వి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. గదిలో నేనొక్కణ్ణే. ఈ జోక్ చెప్పడానికి ఎవరూ లేరు.

నవంబర్ 10

బిక్షపతి షెడ్డుకు పోయాను. ఈ బండికి మొదటినుంచీ అతనే మెకానిక్. బండెక్కి కూర్చోమని పక్కనుంచి చూశాడు. అన్నా, నువ్వు బండి నడుపుతలేవు, గుంజుతున్నవ్ అన్నాడు. బ్రేకు, క్లచ్ లివర్లు కొంచెం కిందికి తిప్పాడు, మణికట్టు తిన్నగా వచ్చింది. గ్రిప్పులకు స్పాంజి తొడిగాడు. ట్యాంకును మోకాళ్ళతో పట్టు, చేతులు ఉత్తగ పెట్టు అన్నాడు.

ఉత్తగా పెట్టడం నాకు రాదు. ఎదురుగా లారీ కనబడగానే పిడికిలి దానంతట అదే బిగుసుకుంటుంది. పాట పాడితే వదులవుతుందని కనిపెట్టాను. దారి పొడుగునా పాడుతూ వచ్చాను. నా గొంతు ఇంత గట్టిగా విని ఎన్నాళ్ళయిందో.

నవంబర్ 20

చిలుకమ్మవ్వ పేరు నా లిస్టులో లేదు. నరం దొరకని కేసు అని కరుణాకర్‌కు మార్చారు. కొత్తగా చేరాడు, మంచి వేలున్న పిల్లవాడు. నాకు అంతకంటే చాలా దూరం, భూపాలపల్లి వేశారు. నీకు రిలీఫ్ ఇచ్చిన అన్నాడు శ్రీనివాస్ సార్. మేలు చేశాననే అనుకుంటున్నాడు. థాంక్స్ సార్ అన్నాను.

నవంబర్ 24

భూపాలపల్లి. పోయేదంతా బొగ్గు లారీల వెనకే. సింగరేణి కాలనీలో ఒకాయన చేతికి నరాలు తాళ్ళలా ఉబ్బి ఉన్నాయి, వేలితో పనే పడలేదు. తెల్వనే లేదు భయ్ అని మెచ్చుకున్నాడు. తిన్నావా అని మాత్రం అక్కడ ఎవరూ అడగలేదు.

వచ్చేటప్పుడు పరకాలలో ఆగాను, చేతులు చాపి వేళ్ళు ముడిచి తెరిచాను. మోకాళ్ళతో ట్యాంకు పట్టుకొని, మోచేతులు వదులు చేసి నడిపాను. చెయ్యి కొంత నయం. నాకు బాగోలేదు.

డిసెంబర్ 2

నడిమి వేలు వస్తోంది. చూపుడు వేలు రావడం లేదు.

డిసెంబర్ 11

విజయ ఫోన్ చేసింది. కరుణాకర్ రెండుసార్లు పోయినా అవ్వ చెయ్యి ఇవ్వలేదట. రిపోర్టు లేకుండా డాక్టర్ మందులు మార్చనంటున్నాడు. కాళ్ళు వాచాయి, ఆయాసం వస్తోంది. వెంకట్రామన్నా, నువ్వు రాకుంటే ఆమె సచ్చినా చెయ్యి సాపది, జర రా అన్నది.

పోతే నా వేలు పనిచేయదు. పోకపోతే ఆమె చెయ్యి చాపదు. నిజం చెప్పేస్తే ఆ ఇంట్లో నా అవసరం ఉండదు. అన్నిటికంటే దీనికే ఎక్కువ భయపడుతున్నాను.

డిసెంబర్ 12, మధ్యాహ్నం

కరుణాకర్‌ను వెంట తీసుకొని పోయాను. బండి అతనే నడిపాడు. నేను వెనక చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను.

నన్ను చూడగానే అవ్వ కొంగు పక్కకు జరిపి చెయ్యి చాపింది. పట్టీ కట్టి వేలు పెట్టాను. ఏమీ లేదు. బట్ట మీద పెట్టినట్టుంది. నరం దొరుకుతలేదు అవ్వా అన్నాను. ఇన్నేండ్లు దొరికింది గిప్పుడు యాడికి పోతది అన్నది. నీది ఉంది, నాదే పోయింది అని మొత్తం చెప్పేశాను. బండి, మణికట్టు, భూపాలపల్లి, సూదుల డబ్బా, అన్నీ.

అవ్వ కరుణాకర్ దిక్కు చూసింది. తర్వాత, గా పిల్లగాన్ని సూది పెట్టనియ్, నువ్వు నా చెయ్యి పట్టుకో అన్నది. కానీ తనే నా చెయ్యి పట్టుకుంది. కరుణాకర్‌కు మొదటిసారికే దొరికింది. సూది దిగినప్పుడు అవ్వ నా మూడు వేళ్ళనూ గట్టిగా నొక్కింది. బొటనవేలికి తెలిసింది. నడిమి వేలికి తెలిసింది.

చాయ్ మొత్తం తాగాను. వచ్చే దారిలో కరుణాకర్, ఇగ మంచిగైంది అన్నా, వచ్చే నెల నేనొక్కన్నే పోయొస్త, నీకెందుకు తిప్పలు అన్నాడు. సరే అన్నాను.

డిసెంబర్ 13

నరం నాది సార్ అని శ్రీనివాస్ సార్‌కు చెప్పాను. మరి గా సూదులు వాపస్ పంపు అన్నాడు. తగ్గేదాకా ల్యాబ్‌లోనే ట్యూబులకు స్టిక్కర్లు అతికించమన్నాడు.

జనవరి 12

స్టిక్కర్లు. కరుణాకర్ తెచ్చిన పాలకుర్తి ట్యూబు మీద అవ్వ పేరు అతికించాను. ఐస్ బాక్సులోంచి వచ్చినా ఇంకా వెచ్చగానే ఉంది, లేదా నాకు అలా అనిపించింది.

జనవరి 20, ఉదయం

ఎడమచేతికి రబ్బరు పట్టీ కట్టుకున్నాను. కళ్ళు మూసుకొని కుడి చూపుడు వేలితో వెతికాను. చాలాసేపటికి మెత్తగా తగిలింది.

దొరికింది. నాదే.